మూడో కుళాయి

కండక్టరమ్మకు పదహారేళ్ల సర్వీసులో బాగా వంటబట్టిన విద్య ఒకటుంది, నీళ్లు తాగకుండా ఉండటం. బస్సెక్కితే మళ్లీ డిపో చేరేదాకా బాత్రూమ్ మాట తలుచుకోకూడదు కాబట్టి, నాలుక తడుపుకుని సరిపెట్టుకునేది. అలాంటి మనిషిని పట్టుకుని పావుగంటలో అయిదు గ్లాసులు తాగమని, ఆపైన గంటసేపు కదలకుండా బిగబట్టుకుని కూర్చోమని అంటే ఏం చేస్తుంది పాపం.

రేడియేషన్ హాలు బయట రోజూ పదింటికి ఇదే తంతు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లు గ్లాసులు పట్టుకుని బెంచీల మీద వరసగా కూర్చుంటారు. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పక్కకు జరిగి కిరణాల దారిలోంచి తప్పుకుంటాయట. వారానికి అయిదు రోజులు కిరణాలు, సోమవారం వాటికి తోడు డ్రిప్‌లో కీమో మందు. అలా అయిదు వారాలు. ఆ తర్వాత లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ వేరే ఉంటుంది.

"ఫుల్లా, ఇంకా ఖాళీ ఉందా?" అని టెక్నీషియన్ తలుపు సందులోంచి అడిగేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఆమె ఉద్యోగం తెలిసిన రోజు నుంచీ అదే పరాచికం.

"ఇంకో ఇద్దరు పడతారండీ" అనేది కండక్టరమ్మ నీరసంగా.

హాల్లో గోడకు మూడు కుళాయిలున్నాయి. మొదటి రెండింట్లో మామూలు నీళ్లొస్తాయి. మూడోదాని కింద ఎవరు గ్లాసు పెడితే వాళ్ల పుట్టింటి నీళ్లొస్తాయి. అందుకే క్యూ అంతా అక్కడే. రిటైరైన లెక్కల టీచరమ్మకు కాస్త బురద వాసనతో ఏటి నీళ్లొచ్చేవి, అవైతేనే ఆవిడకు వాంతి అయ్యేది కాదు. అందరూ తిప్పీ తిప్పీ దాని వాషరు ఊరికే అరిగిపోతోందని ప్లంబరు మాత్రం విసుక్కునేవాడు.

కండక్టరమ్మ ఆ క్యూలో నిలబడలేదు. తొమ్మిదేళ్ల కిందట అమ్మ పోయిన రోజు, పుట్టింటి గుమ్మంలో నిలబడి అక్క మొహం మీదే అనేసింది, ఈ ఇంట్లో ఇక పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని. అమ్మదీ ఇదే జబ్బు. ఆర్నెల్లపాటు రక్తం పోతున్నా అక్క తనకు చెప్పలేదు. అమ్మే చెప్పొద్దందట. తీరా తెలిసి పరుగెత్తుకొచ్చేసరికి అమ్మకు మాట పడిపోయింది.

ఇప్పుడు తన వంతు వస్తే తానూ అక్కకు చెప్పలేదు. డిపోలో మెకానిక్‌గా చేసే భర్త, "మీ అక్కకి ఫోన్ చెయ్యనా?" అని రెండుసార్లు అడిగాడు. "చేసి చూడు" అంది. ఆ గొంతు విన్నాక ఆయన మూడోసారి అడగలేదు. అలాగని ఇంట్లో ఫోన్ మోగితే ముందు పరుగెత్తేది ఆమే.

రెండు డ్రిప్పులు ఎలాగో ఎక్కాయి. మందు పడ్డాక మొదటి కుళాయి నీళ్లు మేకు చప్పరించినట్టుండేవి. మూడు గ్లాసులు తాగితే రెండు బయటికొచ్చేవి. మూడో సోమవారం రక్తపరీక్ష చూసి డాక్టరుగారు డ్రిప్ ఆపేశారు.

"నీళ్లు తాగట్లేదు కదమ్మా మీరు?"

"తాగుతున్నానండీ."

"మీ కిడ్నీలు ఆ మాట అనట్లేదు. క్రియాటినిన్ పెరిగింది. ఈ మందు అసలే కిడ్నీల మీద పడుతుంది, ఒంట్లో నీళ్లు లేకుండా నేనివ్వలేను."

"పోనీ కిరణాలొక్కటే ఇవ్వండి."

"ఇస్తాం, అవీ పనిచేస్తాయి. కానీ మందు తోడుంటే గడ్డ వాటికి తేలిగ్గా లొంగుతుంది. రెండూ కలిస్తేనే మీరు బతికే అవకాశం ఎక్కువ. వచ్చే సోమవారం దాకా చూస్తాను. అప్పటికీ దిగకపోతే మందు సంగతి మర్చిపోదాం."

బయటికొచ్చి బెంచీ మీద కూలబడింది. చచ్చిపోతానేమోనన్న భయం తర్వాత వచ్చింది. అక్కతో మాట్లాడకుండానే పోతానేమోనన్న బెంగ ముందొచ్చింది.

"నా వంతు తీసుకోమ్మా, మూడోదాని దగ్గరికి వెళ్లు" అంది టీచరమ్మ.

"ఒట్టు పెట్టుకున్నానండీ."

"నీళ్ల మీదా?" టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మా బడి పిల్లలు నయం. ఇంటర్వెల్‌లో కటీఫ్ చెప్పుకుంటే సాయంత్రం గంట కొట్టేలోపు కలిసిపోయేవాళ్లు."

పుక్కిలించి ఊసేస్తే ముట్టినట్టు కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుని కండక్టరమ్మ లేచింది. నోటినిండా పట్టింది. పెరటి బావి నీళ్లు, రాగి బిందెలో నిలవున్న చల్లదనం, నాలుక చివర కాస్త చిలుము. బిందె తోమడానికి అక్కకెప్పుడూ బద్ధకమే. ఊసెయ్యాలని గుర్తొచ్చేసరికి ఆ గుక్క కాస్తా గొంతు దిగిపోయింది. తర్వాత అయిదు గ్లాసులూ దిగాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. ఏడుపొచ్చింది గానీ, తాగిన నీళ్లు కళ్లవెంట పోతాయని ఆపుకుంది.

బుధవారానికి నీళ్లలో చిలుము లేదు. బిందెను ఎవరో శుభ్రంగా తోమారు. గురువారం కాచి చల్లార్చిన నీళ్లొచ్చాయి. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే అక్క అలాగే కాచి, రెండు గ్లాసుల మధ్య తిరగబోసి ఇచ్చేది. శుక్రవారం చిటికెడు ఉప్పు, చెంచాడు పంచదార తగిలాయి. శని, ఆదివారాలకు చాలేలా పెద్ద బాటిళ్లు నింపుకుని, దారంతా వాటిని ఒళ్లో పెట్టుకుని ఇంటికెళ్లింది.

సోమవారం పొద్దున్నే రక్తం ఇచ్చి వచ్చి మూడో కుళాయి కింద గ్లాసు పెట్టింది. చుక్క రాలేదు. టీచరమ్మ పెడితే ఏటి నీళ్లు ధారగా వచ్చాయి. మళ్లీ తాను పెట్టింది. రాలేదు. అక్కకేమైనా అయిందేమోనని ఫోన్ కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

"బిందెలూ అవీ లోపలికి తేకూడదమ్మా" అని గుమ్మం దగ్గర వాచ్‌మన్ గొంతు వినపడింది. అతన్ని మోచేత్తో పక్కకు జరుపుకుంటూ, గుడ్డ కట్టిన రాగి బిందె చంకనెత్తుకుని అక్క వచ్చింది. జుట్టు సగం నెరిసింది.

"బస్సులో దీనికి కూడా లగేజీ టికెట్టు కొట్టారే మీవాళ్లు" అంది అక్క.

"కొడతారు మరి. రూలు" అంది కండక్టరమ్మ.

"పదింటికల్లా అయిదు గ్లాసులు తగ్గుతుంటే మొదటిరోజు చిల్లు పడిందనుకున్నా. మర్నాడు అర్థమైంది, మన వాళ్లెవరో ఎక్కడో జబ్బుపడి తాగుతున్నారని. మన వాళ్లంటే నాకు ఇంకెవరున్నారే? శుక్రవారం బిందె అడుగంటేసరికి ఆగలేక మీ ఆయనకి ఫోన్ చేశా." బిందె బెంచీ మీద దించింది. "నువ్వు చెప్పలేదు."

"నువ్వూ చెప్పలేదుగా."

"చెప్పాల్సింది. అమ్మ వద్దన్నా చెప్పాల్సింది. తొమ్మిదేళ్లుగా అదే అనుకుంటున్నా." అక్క రెండు గ్లాసులు తీసి, అందులోంచి ఇందులోకి, ఇందులోంచి అందులోకి తిరగబోసి అందించింది. "తాగు."

"మీ ఇంట్లో ముట్టనన్నాను."

"ఇది మా ఇల్లా?"

అయిదు గ్లాసులు తాగింది. తాగాక ఇద్దరూ ఆ గంటసేపూ ఒకే బెంచీ మీద ఆనుకుని కూర్చున్నారు. నర్సు కాగితం పట్టుకుని వచ్చి, క్రియాటినిన్ దిగిందని, కిరణాలవగానే పైకొస్తే డ్రిప్ పెడతామని చెప్పి వెళ్లింది.

తలుపు సందులోంచి టెక్నీషియన్ తల బయటపెట్టాడు. "ఫుల్లా, ఇంకా ఖాళీ ఉందా?"

"ఫుల్లండీ" అని కండక్టరమ్మ లేచి నిలబడింది. "రైట్ రైట్."

ఆమె లోపలికి వెళ్లాక అక్క బిందె వంచి, తిరిగొచ్చేసరికి దాహమేస్తుందని ఇంకో గ్లాసు నింపి మూత పెట్టింది.