చేతికి తెలియని తల

గడ్డానికి నురగ పట్టించుకుని కుర్చీలో వెనక్కి వాలిన పెద్దమనిషి, కత్తి ఇంకా మెడ మీదికి రాలేదేమిటా అని ఒక కన్ను తెరిచి చూస్తే, సెలూన్ యజమాని పక్క స్టూలు మీద కూర్చుని తాపీగా ఊలు అల్లుకుంటూ కనబడేవాడు.

"ఈ వరస అయిపోనీండి. మధ్యలో ఆపితే లెక్క తప్పుతుంది."

"నురగ ఆరిపోతోందయ్యా బాబూ!"

"మళ్ళీ పట్టిస్తాలెండి. నురగకేం కరువు!"

కోపం వచ్చి లేచిపోదామన్నా, నురగ మొహంతో ఎక్కడికి పోతారు పాపం? అందుకే ఆ వీధిలో అందరూ ఆయన్ని ఊలు బాబాయి అని పిలిచి కసి తీర్చుకునేవారు.

బాబాయి ఇంట్లో ఆయన అల్లిక తగలని ప్రాణి లేదు. బావమరిదికి అల్లిన స్వెట్టరుకి కుడిచెయ్యి మోకాలిదాకా ఉంటుంది. అది అల్లుతున్నప్పుడు ఒక కస్టమరు తన వియ్యంకుడితో పడ్డ గొడవ మొదలుపెట్టాడట. ఆ గొడవ ఎంతకీ తెమల్లేదు, చెయ్యీ తెమల్లేదు. కానీ టోపీల దగ్గర మాత్రం ఆయనకు తిరుగులేదు. టేపు పట్టి ఎరగడు. ఇంటిల్లిపాదికీ తనే జుట్టు కత్తిరిస్తాడు కనుక ఎవరి తల ఎంతో అరచేతులకే తెలుసు. అన్నగారి తల వెనకవైపు చిన్న గుంట ఉందని వదినగారికైనా తెలియదు, ఈయనకు తెలుసు.

తెలియనిది ఒక్క కూతురి తలే.

ఆ అమ్మాయికి పన్నెండేళ్ళప్పుడు, బళ్ళో ఫొటో తీస్తారంటే, నుదుటి మీద జుట్టు సరిచేయబోయాడు. కబుర్లలో పడి ఎడమవైపు కాస్త ఎక్కువ తెగింది. దానికి సరిపోయేలా కుడివైపు, మళ్ళీ దానికి సరిపోయేలా ఎడమవైపు... చివరికి పిల్ల మొహాన కనుబొమలే మిగిలాయి. కుర్చీలోంచి కిందికి దూకి, "మళ్ళీ ఈ కుర్చీలో కూర్చుంటే అడుగు!" అంది. పంతంలో తండ్రిని మించిన పిల్ల. పదకొండేళ్ళుగా పక్క వీధి పార్లరుకే పోతోంది. బాబాయి ఆ పార్లరు ముందునుంచి నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి పోతాడు.

ఇప్పుడా అమ్మాయికి ఐస్‌క్రీమ్ గోదాములో ఉద్యోగం వచ్చింది. పనంతా గడ్డకట్టించే చలిగదిలో. వాళ్ళిచ్చిన టోపీ గీరుకుంటోందని ఇంటికొచ్చి విసుక్కుంది. బాబాయి చెవిలో అమృతం పోసినట్టయింది.

వారం తిరక్కుండా గంధం రంగు టోపీ తయారయింది. అమ్మాయి పెట్టుకుంటే చెంబు మీద మూతలా నడినెత్తిన నిలబడింది. మొత్తం విప్పేసి మళ్ళీ అల్లాడు. ఈసారి కళ్ళు దాటి ముక్కు మీదికి జారింది.

"ఇది టోపీయా, దిండు గలీబా నాన్నా?" అంటూ అమ్మాయి గోడ తడుముకుంటూ నడిచింది. వాళ్ళమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. బాబాయి నవ్వలేదు.

అమ్మాయి పనికి వెళ్ళాక భార్య అంది: "ఎందుకండీ ఈ అవస్థ? దాని తల చుట్టూ ఓ దారం చుట్టి కొలత తెచ్చిస్తాను."

"వద్దు."

"పోనీ టేపు..."

"వద్దన్నానా! వీధిలో ప్రతివాడి తలా తెలుసు నాకు. కన్నకూతురి తల దారాన్ని అడిగి తెలుసుకోవాలా?" ఆయన రెండో టోపీ కూడా విప్పడం మొదలుపెట్టాడు. "మొదటిది ఎందుకు చిన్నదయిందో తెలుసా? నా చేతులకి అది ఇంకా పన్నెండేళ్ళ పిల్లేనే."

అలా నవ్వినందుకు భార్యకు సిగ్గేసింది. అయితే కూతురి దగ్గర దాచడం మాత్రం ఆవిడ వల్ల కాలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

మర్నాడు పొద్దున్న అమ్మాయి సెలూన్లోకి వచ్చింది. కుర్చీలో సగం క్రాపుతో ఉన్న డ్రాయింగు మాస్టారిని "కాస్త లేస్తారా అంకుల్?" అని లేపి, స్టూలు మీద కూర్చోబెట్టి, తను కుర్చీ ఎక్కింది.

"కత్తెర ముట్టుకున్నావో, ఊరుకోను."

బాబాయి కత్తెర్లు, దువ్వెనలు, చివరికి పౌడరు డబ్బాతో సహా సొరుగులో పడేసి తాళం వేశాడు. తాళంచెవి మాస్టారి చేతిలో పెట్టాడు. చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. అప్పుడు కూతురి తల మీద వేశాడు.

తల పెద్దదయింది. చెవుల వెనక వెడల్పయింది. నడినెత్తిన సుడి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. బాబాయికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చేతులు తియ్యడం ఇష్టంలేక తుడుచుకోలేదు. అమ్మాయి అద్దంలో చూసి, చూడనట్టు కళ్ళు మూసుకుంది.

"ఎన్ని కుట్లు వెయ్యాలో తెలిసిందా నాన్నా?"

తెలిసింది. చెయ్యి వేసీ వెయ్యగానే తెలిసింది.

"ఇంకా లేదమ్మా," అన్నాడు బాబాయి. "కాసేపు కూర్చో."