నోమిన్‌కి కావలసిన కుర్చీ

ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి గనుల చదువుకొచ్చిన మా మంగోలియా పిల్లలకి గన్‌సుఖ్ అన్నయ్యే దిక్కు. పూర్వ విద్యార్థుల సంఘానికి ఏళ్ల తరబడి ఆయనే అధ్యక్షుడు, ఇనుప గనుల కంపెనీలో పెద్ద మేనేజరు. ఆయన మంచి మాట చెబితే ఉద్యోగం. లేకపోతే వీసా తీరేదాకా హోటల్లో పక్కలు సర్దుకోవడమే.

నోమిన్, నేను ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. భూగర్భశాస్త్రంలో ఆ ఏడు తనే ఫస్టు. గన్‌సుఖ్ కంపెనీలో ఇంటర్వ్యూ చేసిన హెలెన్ అనే ఆవిడ, త్వరలో కబురు చేస్తామని చెయ్యి కలిపి మరీ పంపింది. కబురు రాలేదు. ఉద్యోగం గన్‌సుఖ్ బావమరిది తెములెన్‌కి వచ్చింది. సొంతవాళ్లని చూసుకోవడం ఎక్కడ లేదు? నోమిన్ ఏడ్చి ఊరుకుంది.

మరుసటేడు ఒక హోటల్లో, గనులవాళ్ల సదస్సుకి తను టీలు అందిస్తుంటే హెలెన్ గుర్తుపట్టింది.

"ఇప్పుడెలా ఉందమ్మా? మూర్ఛలు తగ్గాయా?"

నోమిన్‌కి మూర్ఛరోగమనీ, వైద్యానికి ఇంటికెళ్లిపోతోందనీ గన్‌సుఖ్ చెప్పాడట. తనకెప్పుడూ ఏ జబ్బూ లేదని నోమిన్ మెల్లగా చెప్పేసరికి హెలెన్ మొహం మాడిపోయింది. ఆవిడ అప్పటికే వేరే కంపెనీకి మారింది. వెంటనే నోమిన్‌ని అక్కడికి తీసుకుంది.

వెళ్లి ఆయన్ని నిలదియ్యవే అన్నాను.

"అడిగితే క్షమించమంటాడు. క్షమాపణ నాకెందుకు? సంఘంలో ఆయన కుర్చీ కావాలి" అంది నోమిన్.

కుర్చీ అంటే మాటలా? మా దేశం నుంచి ఏ మంత్రి వచ్చినా పక్కన నిలబడేది గన్‌సుఖే. ఇక్కడ మా దేశం తరఫున ఉండే గౌరవ కాన్సల్ పదవికి వినిపిస్తున్నదీ ఆయన పేరే.

అప్పట్నుంచి, కొత్తగా ఏ విద్యార్థి దిగినా ఎయిర్‌పోర్టులో నోమిన్ ఉండేది. బయోడేటాలు దిద్దేది, ఇంటర్వ్యూలకి తర్ఫీదిచ్చేది, తెలిసిన కంపెనీలన్నిట్లో చెప్పి చూసేది. ఎవర్నీ తిరిగి ఏమీ అడగలేదు. నాలుగేళ్లయ్యాక అడిగింది: మా కొత్త సంవత్సరం, తెల్లమాసం పండగనాడు సంఘం ఎన్నికకి తప్పకుండా రమ్మని.

హాలు నిండిపోయింది. పోటీ ఎవరైనా ఉన్నారా అని గన్‌సుఖ్ అలవాటుగా నవ్వుతూ అడిగాడు. నోమిన్ లేచింది.

"నేనున్నాను అన్నయ్యా. ముందొక మాట చెప్పు. నాకు మూర్ఛలని హెలెన్‌కి ఎందుకు చెప్పావు?"

"కిట్టనివాళ్లు పుట్టించిన మాట చెల్లీ అది."

వెనక వరసలోంచి తెములెన్ అందుకున్నాడు. "బావా, ఆ ఉద్యోగం నాకిచ్చినప్పుడే, నోమిన్ ఏమైందని నేనడిగాను. జబ్బుచేసి వెళ్లిపోయిందన్నావు."

చేతులెత్తమన్నప్పుడు తెములెన్ కూడా నోమిన్‌కే ఎత్తాడు. గన్‌సుఖ్ వైపు ఆయన భార్య, ఇద్దరు ముసలాళ్లు మిగిలారు.

కాన్సల్ పదవి మరొకరికి పోయింది. ఆ అబద్ధం సంగతి తెలిసి పై ఏడు కంపెనీ ఆయన్ని తీసేసింది. ఒక ఆదివారం ఆయన భార్య గిన్నెడు మాంసం కుడుములు పట్టుకుని మా ఇంటికొచ్చింది. యాభై దాటినవాడికి ఎవరిస్తారమ్మా పని, హెలెన్‌తో ఒక్క మాట చెప్పవా అని బతిమాలుకుంది. నోమిన్ ఉప్పు టీ పోసిచ్చి, అంతా విని, తలుపుదాకా సాగనంపింది.

"సంఘం పంపే ఉద్యోగ ప్రకటనలు అందరితోపాటు ఆయనకీ వస్తాయి వదినా. వాటిలో వెతుక్కోమను."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగడం చూసి నాకు మనసొప్పలేదు. ఆవిడేం చేసింది, ఇంక చాల్లేవే అన్నాను.

"నీకు చాలిందేమో" అని, నోమిన్ గిన్నె మూత తీసి కుడుములు నాకూ వడ్డించింది.