పెట్టని విందు

"ఈసారి మన గొర్రెను తాడు పట్టుకుని లాక్కుపోతానంటున్నాడట పోలుక్లేస్" అన్నాడు తెలేసోన్, బార్లీ రొట్టె ముక్కను ఆలివ్ నూనెలో ముంచుకుంటూ. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినట్టే చెప్పాడు.

మెలిత్తా తిరగలి ఆపలేదు. కోడి కూయకముందు మొదలుపెట్టిన పిండి ఇంకా సగమే అయింది. చెయ్యి తిరుగుతూనే ఉంది గానీ చూపు గుమ్మం వైపు పోయింది. పక్కగదిలో మూడేళ్ళ కొడుకు ఎర్గినోస్ నిద్రపోతున్నాడు. పోలుక్లేస్ లాక్కుపోతానంటున్నది గొర్రెను కాదు, వాడిని.

ఏథెన్సు దగ్గర, తేనెకు పేరుపడ్డ కొండ కింద ఊళ్ళలో చలికాలం ముందు అపటూరియా పండగ వస్తుంది. కొడుకు పుట్టినవాడు ఒక గొర్రెను తోలుకుని వంశపు సంఘం బలిపీఠం దగ్గరికి వెళ్ళాలి. వీడు నా బిడ్డ, ఏథెన్సువాడి కూతురికి, తాళాలిచ్చి ఏలుకున్న భార్యకు పుట్టినవాడు అని ప్రమాణం చెయ్యాలి. ఎవరికైనా అనుమానముంటే నోరు విప్పి ఏమీ అనక్కర్లేదు. లేచి వెళ్ళి గొర్రె తాడు పట్టుకుని బలిపీఠం దగ్గర్నుంచి అవతలికి నడిపించుకుపోతే చాలు. ఆ బిడ్డ ఇక ఎవడికీ కొడుకు కాడు. సభలో చెయ్యెత్తలేడు, తాత నాటిన ఆలివ్ చెట్టు మీద వాడికి ఆకు హక్కు కూడా ఉండదు. తెలేసోన్‌కి వేరే మగపిల్లలు లేరు, ఆరేళ్ళ కూతురు తప్ప. వీడు కాకపోతే తోట పెదనాన్న కొడుకు పోలుక్లేస్‌ది.

అనుమానం ఎందుకొచ్చిందీ అంటే, పెట్టని విందు వల్ల వచ్చింది. పెళ్ళి చేసుకున్నవాడు సంఘంలో మగవాళ్ళందరికీ ఒక పూట భోజనం పెట్టాలి. తిన్నవాడు రేపు సాక్షి. తెలేసోన్ పెట్టలేదు. ఆ ఏడు యుద్ధం అన్నాడు. మరుసటేడు ఆలివ్ కోతలయ్యాక అన్నాడు. ఆ తర్వాత దూడ ఎదగాలన్నాడు. నలుగురిలో మాట్లాడటమంటే అతనికి చెమటలు పడతాయి, అసలు సంగతి అదీ. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. మెలిత్తా తండ్రి ఏథెన్సువాడే, లెమ్నోస్ దీవిలో నగరం భూమి ఇస్తే వెళ్ళి అక్కడే కన్నుమూశాడు. పడవెక్కించి తీసుకొచ్చి పెళ్ళి చేసిన బాబాయిని మరుసటి ఏడే సముద్రం మింగింది. ఆమె తరఫున నిలబడి ఫలానావాడి కూతురని చెప్పే మగదిక్కు లేదు.

తిరగలి తిప్పుతూ ఆమె అనుకుంది: విందు పెట్టనిది ఆయన, సాక్షులు లేనిది నాకు. తొమ్మిదేళ్ళుగా నేను విసిరిన పిండి రాశి పోస్తే ఈ కొండంత ఉంటుంది. నేను వడికిన నూలు లెమ్నోస్ దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఆయన ఒంటి మీద నేను నేయని పోగు లేదు. మామగారిని ఆరు నెలలు మంచంలో తిప్పిన చేతులివి, ఆయన పోయాక నూనె పూసి కడిగిందీ ఇవే. ఇన్ని చేసినా ఈ ఇంటిదాన్నని చెప్పడానికి ఆ చేతులు పనికిరావు, ఒక పూట ఎవడో మాంసం నమిలిన పళ్ళు కావాలట. అలాగని మా ఆయన చెడ్డవాడా? కాదు. పోయిన చలికాలం జ్వరంతో ఆమె లేవలేకపోతే తలుపు గడియ పెట్టి, ఎవరూ చూడకుండా, ఈ తిరగలి తనే తిప్పాడు. పిండి నూకలు నూకలుగా వచ్చింది. ఆ రొట్టె నమలలేక ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గడియ గుర్తొస్తే ఆయన మీద కోపం నిలవదు. నిలవకపోవడమే ఆమెకు కోపం.

"వాడు లాగితే నేను ఊరుకుంటానా" అన్నాడు తెలేసోన్, ఊరుకునేవాడి గొంతుతోనే.

అప్పటిదాకా మూలన కదురు తిప్పుతున్న అత్తగారు తలెత్తింది. "తొమ్మిదేళ్ళ కిందట ఒక పందిని కోసుంటే ఇవాళ ఇంతుండేది కాదు. లెమ్నోస్ పిల్లా, ఆ గిన్నె ఇటు తే." ఆ ఇంట్లో మెలిత్తాకు ఉన్న పేరు అదే. భర్త అయితే 'ఇదిగో' అంటాడు.

అపటూరియాకి రెండు వారాల ముందు ఆడవాళ్ళ పండగ వస్తుంది, పంటల దేవత డిమీటర్ తల్లిది. ఊళ్ళో పెళ్ళయిన ఆడవాళ్ళంతా చాపలు చంకన పెట్టుకుని కొండెక్కుతారు. మూడు రోజులు కింద తిరగళ్ళ చప్పుడుండదు, పైన మగపురుగు ఉండదు. మొదటిరోజు పొద్దున్నే పండగ నడిపించడానికి ఇద్దరు పెద్దల్ని ఎన్నుకుంటారు. పరాయి ఊరి ఆడది ఆ చోట నిలబడితే తల్లికి అపచారం. ఎవరిని కావాలనుకుంటే వాళ్ళ ముందు ఒక ఆలివ్ కొమ్మ పెడతారు. మగవాళ్ళు సభలో చేసే పనే. కాకపోతే ఇక్కడ అరుపులు తక్కువ.

ఒక పెద్దరికం ఎప్పట్లాగే పూజారమ్మకు పోయింది. రెండోదానికి ఎవరని అడిగితే అత్తగారు మోకాళ్ళు పట్టుకుని లేచింది. ఆవిడ మేనకోడలి మాట చెబుతుందని అందరూ ఎదురుచూశారు.

"నా కోడలు" అంది.

కొడుకు పెళ్ళయిన నాటినుంచి ఆవిడ నోట ఆ మాట వినడం మెలిత్తాకు అదే మొదలు. చాప అంచు గట్టిగా పట్టుకుంది.

వెనకనుంచి ఎవరో నవ్వారు. లెమ్నోస్ పిల్లకా, ఆ పెళ్ళి భోజనం ఎవరైనా తిన్నారా అని. ఆ నవ్వు ఒక చాప మీంచి ఇంకో చాప మీదికి పాకింది. అత్తగారు జవాబివ్వబోయింది గానీ ఈలోగా మెలిత్తా లేచి నిలబడింది.

"తినలేదమ్మా. నేనూ తినలేదు" అంది. "నేను వండుతాను, పిలువయ్యా అని ఏటా అడుగుతూనే ఉన్నాను. పిలవాల్సింది ఆయన. పిలవనందుకు బిడ్డ పోతే నాకు పోతాడు. మీలో ఎవరి మొగుడు ఏం మర్చిపోయాడో మీకు తెలుసా? ఇంటికెళ్ళి అడగండి."

నవ్వు ఆగిపోయింది. ఎవరి లెక్క వాళ్ళు మనసులో చూసుకుంటున్నట్టున్నారు.

అత్తగారు నెమ్మదిగా అందుకుంది. "పెళ్ళినాడు గుమ్మంలో దివిటీ పట్టుకుని దీన్ని లోపలికి తీసుకున్నది నేను. మగాళ్ళ సభలో నా దివిటీ చెల్లదు. అక్కడ మనకు నోరు లేదు, ఇక్కడ వాళ్ళకు అడుగు లేదు. ఇక్కడ మనం తేలిస్తే అక్కడికి వాళ్ళే మోసుకెళతారు. ఇంతమంది పెళ్ళాలు తల్లి ముందు నిలబెట్టినదాన్ని ఎవడు పరాయిదంటాడో చూస్తాను."

మొదటి కొమ్మ ఎవరు పెడతారా అని అందరూ చూస్తుండగా పోలుక్లేస్ భార్య ఫిలిన్నా లేచింది. పోయిన వేసవిలో ఆమెకు బిడ్డ అడ్డం తిరిగితే రెండు పగళ్ళు నడుం పట్టుకుని కూర్చున్నది మెలిత్తాయే. ఫిలిన్నా వచ్చి కొమ్మ మెలిత్తా పాదాల దగ్గర పెట్టింది.

"మా ఆయన చూపు తోట మీదుంది" అంది అందరికీ వినబడేట్టు. "నాకు ఈ చేతులు తెలుసు."

తర్వాత కొమ్మలు ఎన్ని పడ్డాయో మెలిత్తా చూడలేదు. పూజారమ్మ వచ్చి తన పక్కన కూర్చోబెట్టాకే తేరుకుంది.

రెండోరోజు ఉపవాసం. నేల మీద కూర్చుని ఒకరినొకరు తిట్టుకోవడం ఆనాటి ఆచారం. తిట్టినకొద్దీ, కూతురిని పోగొట్టుకున్న డిమీటర్ తల్లి నవ్వి దిగులు తీర్చుకుంటుందంటారు. అత్తగారు కోడలిని ఊపిరి తిప్పుకోకుండా తిట్టింది, దాని నడక బాతు నడక అంది, దాని పప్పు తింటే పళ్ళూడతాయంది. పళ్ళుంటే కదా ఊడటానికి అంది కోడలు. ఆ ముసలావిడ చాప మీద దొర్లి నవ్వింది.

పండగకు పెద్దగా ఎన్నికైనదాని భర్త మూడోరోజు ఊళ్ళో ఆడవాళ్ళందరికీ విందు పంపాలి. తెలేసోన్ రెండు పందులు, ద్రాక్షసారాయి జాడీలు కొండ మొదట్లో దింపి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళు తప్పించుకున్న పెళ్ళి భోజనం అలా కొండెక్కింది.

అపటూరియా మూడోనాడు పొద్దున అతను భుజాన కొడుకును ఎత్తుకుని, గొర్రెను తోలుకుని వెళ్ళాడు. మెలిత్తా ఆ పూట మగ్గం దగ్గర కూర్చుని వేళ్ళకు ఏది దొరికితే అది నేసింది. అత్తగారు నేత వంకర పోతోందని కూడా అనలేదు. మనవరాలు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పేవాళ్ళే లేరు.

మధ్యాహ్నం దాటాక మాంసం వాసనతో, చెమటతో వచ్చాడు తెలేసోన్. కొడుకు భుజం మీదే నిద్రపోయాడు. ఏమైందని అడగక్కర్లేకపోయింది, మొహమే చెప్పింది. పోలుక్లేస్ నిజంగానే లేచాడట, తాడు పట్టుకున్నాడట, రెండడుగులు లాగాడట కూడా. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక ముసలాయన ఆగరా అన్నాడట. "మా ఇంటావిడ కొండ మీద ఆ అమ్మాయిని పెద్దను చేసింది. తల్లి ముందు పరాయిదాన్ని నిలబెట్టావని మా ఇంటావిడతో నువ్వు చెప్పు. నేను చెప్పలేను, నాకింకా అన్నం కావాలి" అన్నాడట. సంఘమంతా నవ్వింది. మొదటి కొమ్మ మీ ఇంటావిడదేనటగా అని ఇంకెవరో అన్నారు. పోలుక్లేస్ చేతిలో తాడు వదులైంది. బలిపీఠం చుట్టూ చల్లిన బార్లీ గింజల కోసం గొర్రె తనంతట తానే వెనక్కి నడిచింది.

మెలిత్తా కొడుకును అందుకుని ఒళ్ళో వేసుకుంది. చాలాసేపు వాడి తల వాసన చూస్తూ ఉండిపోయింది.

"ప్రమాణంలో ఏమన్నావయ్యా?"

"ఏముంది, అందరూ అనేదే. ఏథెన్సువాడి కూతురు, నా భార్య కన్న బిడ్డ అన్నాను. మీ నాన్న పేరు, ఆయన ఊరు పలక మీద రాశారు."

"నా పేరు?"

తెలేసోన్ తెల్లబోయాడు. "మర్యాదగల ఇంటి ఆడదాని పేరు అంతమంది మగాళ్ళలో ఎవడైనా అంటాడా? నిన్నంత మాటంటానా నేను?"

నిజంగానే నొచ్చుకున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది, జాలేసింది, ప్రేమ కూడా కలిగింది. లేచి అతనికి నీళ్ళిచ్చింది. నీళ్ళిస్తూనే అనుకుంది, ఆ పలక మీద ఎన్ని పేర్లున్నాయో కదా, ఒక్కటీ కన్నతల్లిది కాదు. కొండ మీద కూడా ఒకరినొకరు ఫలానావాడి భార్యా, ఫలానావాడి తల్లీ అనే పిలుచుకున్నాం. ఈ మూలన కూర్చున్న ఆరేళ్ళ పిల్ల కోసం ఎవరూ గొర్రెను కోయరు. రేపు ఇదీ ఎవరికో 'ఇదిగో' అవుతుంది. పండగలో ఇంకోసారి ఎవరు పెద్దయినా కానీ, కొమ్మలు పెట్టేముందు ప్రతి మనిషినీ సొంత పేరుతో పిలవమని అడగాలి. అడగాలంటే ముందు ఆ పేర్లు తను నేర్చుకోవాలి.

గిన్నెలో మాంసం పెట్టుకుని అత్తగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"అత్తా, నీ పేరేంటి?"

కదురు ఆగింది. ఎప్పుడో ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువును వెతుక్కుంటున్నట్టు ఆవిడ కాసేపు గోడ వంక చూసింది.

"నీది మెలిత్తా. దివిటీ వెలుగులో మీ బాబాయి చెప్పాడు" అంది. కదురు కింద పెట్టి, కొత్త పెళ్ళికూతురులా తల వంచుకుంది.

"నికిప్పే" అంది.