ఓబుళమ్మ తిన్న ముద్ద

“అసెంబ్లీ ఉండేది సోమారం గదమ్మే! ఈ పొద్దు సంగటి ఎవరు కెలకల్ల? మంత్రులొచ్చి కెలుకుతారా?”

అత్త లక్ష్మీదేవమ్మ నడవలోంచి విసిరిన ఈ మాటకు వసారాలో చేరిన మగవాళ్లంతా గొల్లుమన్నారు. వంటింట్లో ఓబుళమ్మకూ వినబడింది. వినబడాలనే కదా అన్నది! ఆమె ఉడికిన బానను కిందికి దించి, గోనెపట్ట చుట్టి, రెండు పాదాల మధ్య ఇరికించుకుని తెడ్డు దించింది. సంగటి కెలకడమంటే చేతులతో చేసే పని అనుకుంటారు తినేవాళ్లు. అది నడుముతో చేసే పని. ఇంటినిండా మనుషులకు సరిపడా పిండి గడ్డ కట్టకుండా తిప్పేసరికి భుజాలు ఊడి చేతికొస్తాయి. తిన్నవాడు మాత్రం మూతి తుడుచుకుని “ఈ పొద్దు రోంత మెత్తగయింది” అని లేచిపోతాడు.

ఆ తెడ్డు తిప్పుతున్న మనిషి ఆంధ్ర రాష్ట్ర శాసనసభ సభ్యురాలు. నమ్మండి, నమ్మకపోండి. ఆ చుట్టుపక్కల ఓటుకు నిలబడి గెలిచిన మొదటి ఆడమనిషి. ఆమె గుర్తు అంటించిన పెట్టెకు ఆడవాళ్లు పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టుకుని మరీ చీటీలు వేసి వచ్చారు. నిలబడాలని ఆమె అడిగిందా అంటే, అడగలేదు. మొగుడు మద్దిలేటిరెడ్డి పాత కొట్లాట కేసులో శిక్షపడి పోటీకి పనికిరాకుండా పోయాడు. “పేరు నీది, పని నాది. నువ్వు సంతకం పెడితే సాలు” అన్నాడు. ఆమె పెట్టింది. అప్పటి రాజధాని కర్నూల్లో సభ జరిగే రోజుల్లో ఆయన పైన చూసేవాళ్ల వరసలో కూర్చునేవాడు. ఎడమ భుజం మీది టవలు కుడి భుజానికి మారితే ఆమె చెయ్యెత్తాలి. మారకపోతే ఊరకుండాలి. పక్క బల్లల్లోని పెద్దమనుషులకు ఈ సంగతి తెలియక కాదు. “ఏమమ్మా, టవలు యా పక్కనుంది?” అని నవ్వేవాళ్లు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కాన్పుల కోసం కొన్ని ఊళ్లు కలిసిన ప్రతి ఫిర్కాలో ఒక మంత్రసానిని, ఒక గదిని ఏర్పాటు చేయాలని ఆమె తనంత తాను లేచి మాట్లాడింది. ఆ రాత్రి మొగుడు అన్నం పళ్లెం తోసేశాడు. “కాన్పుల గురించి మాట్లాడనీకి నిన్ను పంపించినానా? పరువు తీస్తివి గదా!”

అయినా ఓబుళమ్మకు మాట్లాడడం రుచి తెలిసింది. ఒకసారి తెలిశాక మరిచిపోవడం ఎవరి తరం?

అందుకే నీళ్ల తగాదా వచ్చినప్పుడు, రాజీకి తానే పోతానంది. వీళ్ల ఊరికీ కాలువ అవతలి ఊరికీ నీళ్ల వంతుల దగ్గర ఏళ్ల తరబడి పగ. అవతలి ఊరికి పెద్ద తిమ్మారెడ్డి. తూము తెరిచి మూసే నీరుగంటి ఇమామ్ ఆయన మనిషి. ఆ ఏడు గడ్డివాములు తగలబడ్డాయి, ఎద్దుల కాళ్లు నరికారు, ఇక మనుషుల వంతే మిగిలింది. ఆ రెండు ఊళ్లలో ఇప్పుడు రాజీ అంటే ఆడవాళ్లే పోయి ముద్ద తింటారు. అప్పుడు అట్లా కాదు, మగవాళ్ల పని అది. ఒక ఊరి పెద్ద అవతలి ఊరిలో నష్టపోయినవాళ్ల ఇంటికి పోయి, వాళ్ల చేతి సంగటి ఒక ముద్ద తినాలి. తిన్నాక పంట ఇంటికి చేరేదాకా ఎవరూ కత్తి పట్టకూడదు. పట్టినారో, ముద్ద తిన్నవాడే నలుగురిలో నిలబడి, తప్పు చేసిన తన మనిషిని పేరు పెట్టి చూపించాలి. సొంత తమ్ముడైనా సరే. చూపించి, ఏ ఇంటికి నష్టం జరిగిందో ఆ ఇంటి పక్కన నిలబడాలి. మద్దిలేటిరెడ్డి తాత తన తమ్ముణ్ణే చూపించాడని ఆ ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

“నువ్వు పోతావా?” అని మద్దిలేటిరెడ్డి ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత ఎందుకో నవ్వాడు. “పో. నువ్వే పో. మంచిదే.”

ఆ నవ్వు చూసి ఓబుళమ్మ పొంగిపోయింది. పిచ్చిది! మొగుడు ఇన్నాళ్లకు తనను ఒక మనిషిగా లెక్కపెట్టాడనుకుంది.

అవతలి ఊళ్లో తిమ్మారెడ్డి, వచ్చిన ఆడదాన్ని చూసి మొహం చిట్లించాడు. తగలబడిన వాముల్లో ఇమాముదీ ఒకటి. “తింటే ఇమాము ఇంట్లో తినల్ల, మరి నీ ఇష్టం” అన్నాడు. రెడ్ల ఇంటి ఆడది సాయిబుల ఇంట్లో చెయ్యి కడుగుతుందా, అదే మెలిక పెట్టి తిప్పి పంపుదామని ఆయన లెక్క. ఓబుళమ్మ నేరుగా ఇమాము గుడిసెకు పోయి ఈతచాప మీద కూర్చుంది. ఇమాము పెండ్లాం పీరమ్మ కంగారు పడిపోయింది.

“ఓబులమ్మక్కా, సంగట్లోకి నంజుకోను చెనిక్కాయల ఊరిమిండి తప్ప ఏం లేదక్కా ఇంట్లో. మా చేతి ముద్ద నీకు దిగుతాదో లేదో.”

“ఎందుకు దిగదు? నేను పొద్దున్నుంచి ఏం తిన్ల్యా పీరమ్మా. ఇంగో రోంత పెట్టు.”

పీరమ్మ నవ్వింది. తినేసి చెయ్యి కడుక్కుంటుంటే, చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా అడిగింది. “అయితే ఇంగ ఆయప్ప రాత్రిపూట తూము కాడికి ఒంటిగా పోవచ్చునా అక్కా? బరిసెలోళ్లను ఎంటబెట్టుకొని పోతాండాడు ఇన్నాళ్లూ. నాకు కంటిమీద కునుకు ఉండదు.”

“పోవచ్చు” అంది ఓబుళమ్మ. “నేను తిన్న్యా గదా.”

ఇంటికొస్తే అత్త గడప దగ్గరే ఆపేసింది. “యాడబడితే ఆడ తినొచ్చి అట్లే లోపలికొస్తావా? పెరట్లో తలమీద పోసుకోని రా.” బావి దగ్గర చలికి వణుకుతూ నీళ్లు పోసుకుంటూ కూడా ఓబుళమ్మకు కోపం రాలేదు. అంత సంతోషంగా ఉంది ఆ పొద్దు! పేపర్లో పడింది. పడడం ‘శ్రీమతి మద్దిలేటిరెడ్డి చొరవతో రాజీ’ అని పడింది, అది వేరే సంగతి. ఢిల్లీ నుంచి బయటి దేశాలకు స్నేహం మాటలు మాట్లాడడానికి పోయే ఆడవాళ్ల జట్టులో ఆమెనూ అనుకుంటున్నారని కర్నూల్లో ఒక మంత్రి చెప్పాడు. పగ పట్టిన ఊళ్లను కలిపిన మనిషి దేశాల మధ్య మాట్లాడలేదా అన్నాడట. ఓడ ఎట్లా ఉంటుందో కూడా ఎరగని ఓబుళమ్మ, కర్నూల్లో తానుండే అద్దెగది అద్దం ముందు నిలబడి తనతో తానే ఏదో మాట్లాడుకుని, సిగ్గుపడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పటికి ముద్ద తిని నెల కూడా కాలేదు. సభ జరుగుతుండగా ఒక తెల్లవారుజామున మద్దిలేటిరెడ్డి కర్నూలుకు వచ్చాడు. రాగానే స్నానానికి వేడినీళ్లు పెట్టమన్నాడు. విప్పి పడేసిన పంచె ఉతకబోతే అంచంతా నల్లటి బురద. కాలువ గట్టు రేగడి అది. ఆ గట్టు మీద పచ్చిక కోసి, ఆ రేగడి తొక్కి పెరిగిన మనిషికి చెప్పాలా? ఎంత బాదినా మరక పోలేదు. తూము దగ్గర ఇమామును నరికేశారని మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఒంటిగా పోయాడట. చేతిలో లాంతరు తప్ప ఏమీ లేదట. తాను పొద్దున ఉతికింది ఏమిటో ఓబుళమ్మకు అప్పుడు తెలిసింది. సబ్బునురగతో తెల్లబడ్డ తన చేతులు గుర్తొచ్చాయి. పెండ్లాలకు ఎన్ని పనులు! వండాలి, వడ్డించాలి, చెయ్యెత్తాలి, నెత్తురు కూడా ఉతకాలి.

నిన్న సాయంత్రం మద్దిలేటిరెడ్డి ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

“రేపు కడప నుంచి పెద్ద ఆఫీసరు వస్తాండాడు. ఆ రాత్రంతా నేను కర్నూల్లో నీ కాడనే ఉంటినని చెప్పల్ల. ఎమ్మెల్యే మాటంటే ఆయప్ప కాదనడు, నేను మాట్లాడినా. మన ఊరోళ్లనూ వాల్ల ఊరోళ్లనూ పిలిపించినా, అందురూ యినల్ల.”

“నేను ముద్ద తిని వస్తి గదా.” ఓబుళమ్మ మెల్లగా అంది. “మీ తాత కత మీరే చెప్తారే.”

మద్దిలేటిరెడ్డి ఆమెను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు. కోపం కూడా లేదు.

“పిచ్చిదానా, మా తాత మొగోడు. ఆడది తిన్న ముద్ద ముద్దేనా? అందుకేగదా నిన్ను పంపించింది. తిమ్మారెడ్డికి ఆ మాత్రం తెలీకపాయ. ఇమామును నరికించినంత మాత్రాన మేమేం కట్టుబాటు తప్పల్యా. ఈ ఒక్క మాట చెప్పు, నీ ఢిల్లీ సంగతి నేను చూసుకుంటా.”

ఆ మాటలు ఇప్పుడు తెడ్డుతో పాటు ఆమె తలలో తిరుగుతున్నాయి. అందుకేగదా నిన్ను పంపించింది. ఆ నవ్వు అందుకన్నమాట. తాను పీరమ్మ ఇంటికి రాజీ తీసుకుపోయింది అనుకుంది. ఎలుకకు పెట్టే ఎరను తీసుకుపోయింది. పీరమ్మ అడిగింది కదా, ఒంటిగా పోవచ్చునా అక్కా అని. పోవచ్చు అని చెప్పిన నోరు ఎవరిది? సభలో ఎత్తిన చేతులన్నీ టవలువే, తనవి కావు. పేపర్లో పేరు మొగుడిది. ఎన్నికల్లో నిలబడింది మొగుడి నీడ. తానుగా చేసిన పని ఒక్కటే, ఆ ఈతచాప మీద కూర్చుని ఆకలిగా తిన్న ముద్ద. అది కూడా ముద్ద కాదంటే, ఇక ఓబుళమ్మ అనే మనిషి ఉన్నట్టా లేనట్టా? ఆ రాత్రి మొగుడు కర్నూల్లో లేడని చెప్పనూ వచ్చు. చెబితే ఈ ఇంట్లో చోటుండదు. పుట్టింట్లో అన్న కూడా మద్దిలేటిరెడ్డి పెట్టిన తిండి తినేవాడే, గడప తొక్కనివ్వడు. టిక్కెట్టు పోతుంది, ఢిల్లీ పోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. చన్నీళ్లలో చెయ్యి ముంచి ఆమె ముద్దలు చేయడం మొదలుపెట్టింది. కాలే సంగటిని దొర్లించి, గుండ్రంగా చేసి, పళ్లెంలో పెడుతూ పోయింది. అన్నీ అయిపోయేదాకా లేవలేదు.

జీపు వచ్చింది. ఆఫీసరు కోస్తావైపు మనిషి. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడేవాడు. ఆయనకు కుర్చీ వేశారు. వసారా నిండా ఈ ఊరి పెద్దలు, ఓ పక్కన తిమ్మారెడ్డి, ఆయన మనుషులు. మెట్ల కింద ఎండలో పీరమ్మ కూర్చుని ఉంది. నీడలోకి రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. వంటింట్లోంచి వసారాలోకి వచ్చిన ఓబుళమ్మను ఆమె తలెత్తి చూసింది. వసారాలోని మగవాళ్లలో ఒక్కరు కూడా ఆ ముద్ద ఊసెత్తలేదు, తిమ్మారెడ్డితో సహా. పీరమ్మ మాత్రం ఇంకా అది ముద్దేనన్నట్టు చూస్తున్నది.

“అమ్మా, శాసనసభ సభ్యులు మీరు. మీ మాట మీద మాకు గౌరవం ఉంది” అన్నాడు ఆఫీసరు. “ఇమామ్ చనిపోయిన రాత్రి మీ భర్తగారు ఎక్కడున్నారో చెప్పండి.”

మద్దిలేటిరెడ్డి దగ్గాడు. ఎడమ భుజం మీది టవలు తీసి, దులిపి, కుడి భుజం మీద వేసుకున్నాడు.

ఓబుళమ్మ చెయ్యి ఆ అలవాటు కొద్దీ కొంచెం లేచింది కూడా. దాన్ని చూసుకుని ఆమెకు ఒళ్లంతా మండింది. ఆ చెయ్యి దించి చీరకు తుడుచుకుంది.

“కర్నూల్లో లేడు సార్. తెల్లారి వచ్చినాడు. పంచెకు కాలువ రేగడి ఉండె, నేనే ఉతికినా. ఇమామును చంపించింది తానేనని నిన్న నా ముందర ఒప్పుకున్న్యాడు.” ఆమె వేలెత్తి చూపించింది. “ఈడ కూర్చున్న మద్దిలేటిరెడ్డి. ముద్ద తిన్నది నేను, పేరు చెప్పాల్సింది గూడా నేనే.”

మొదట తేరుకున్నది మద్దిలేటిరెడ్డి. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. “ఆడదాని మాట సార్ అది. మతి చెడింది దానికి. లెక్క పెట్టద్దండి.”

“ఎమ్మెల్యే మాటకు తిరుగు లేదని మీరే కదండీ నిన్న చెప్పారు?” అన్నాడు ఆఫీసరు.

“మొగుని నెత్తిన మన్ను పోస్తివి గదే!” అని లక్ష్మీదేవమ్మ గుండెలు బాదుకుంది. ఓబుళమ్మ మెట్లు దిగింది. ఎండలో నేల కాలుతున్నది. పోయి పీరమ్మ పక్కన, ఆ మట్టిలోనే నిలబడింది. 

పీరమ్మ కొంచెం జరిగి, ఆమె కూర్చోవడానికి చోటిచ్చింది.

“ఇంటినిండా మనుషులు! ఇంతమందికి వడ్డించేది ఎవరమ్మే?” అత్త గొంతు పగిలిపోయేట్టు అరిచింది.

ఓబుళమ్మ కూర్చుంటూ చెప్పింది. “ముద్దలు చేసి పెట్టినా అత్తా. ఇంగ మీరే పెట్టుకోని తినండి.”