ఎండలో ఆరబెట్టిన కారు

నల్ల కారును మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి కడిగే మహానుభావుడు ఆ వీధి మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడూ తన మొగుడే కావడం కెమిస్ట్రీ టీచరమ్మ చేసుకున్న పుణ్యం.

కారు వాళ్లది కాదు, ఆమె అన్నయ్యది. డ్రైవింగ్ నేర్చుకొమ్మని ఇచ్చాడు. సోమవారం ఆమెకు లైసెన్సు పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. వేరే ఏ బండి ఎక్కినా చేతులు వణుకుతాయి, దీంట్లో కూర్చుంటేనే కాస్త ధైర్యం. అన్నయ్యేమో తన కారు మీద ఈగ వాలితే దాని ఊరూ పేరూ అడిగే రకం. "సాయంత్రం వచ్చి చూస్తా. మరక కనపడిందా, అప్పుడే తోలుకుపోతా" అని పొద్దున ఫోన్లో తేల్చి చెప్పాడు.

"నీడలోకి తీయండి" అంది ఆమె గుమ్మంలోంచి.

"నీడలో నీళ్లు ఆరవు. ఆరకపోతే మరకలు పడతాయి. ఎండలో అయితే తుడవక్కర్లేదు, దానంతటదే ఆరుతుంది. కాస్త బుర్ర వాడాలి" అన్నాడాయన, గిన్నెల సబ్బు నురగ మోచేతుల దాకా పూసుకుని.

బుర్ర వాడిన ఫలితం కాసేపట్లోనే తేలింది. బోరు నీళ్లు ఆవిరైపోయి, వాటిలోని ఉప్పు మాత్రం బానెట్ నిండా తెల్లటి చుక్కలై మిగిలింది. పైన సబ్బు చారలు.

"కారుకు ఆటలమ్మ పోసిందేంటండీ?"

"పెయింటు నాసిరకం. ఉండు, గిన్నెలు తోమే పీచు తెస్తా. గట్టిగా రుద్దితే అదే పోతుంది."

చుక్కలు వదిలించొచ్చు, గీతలు పడితే ఎవరు వదిలిస్తారు? ఆమె పరుగున వచ్చి ఆయన చేతిలోని పీచు లాక్కుంది.

"దీంతో మీ బుర్ర తోముకోండి. కారు జోలికొచ్చారో, చూడండి!"

కారును గోడ నీడలోకి తీసి, రేకు చల్లబడేదాకా ఆగింది. ఫిల్టరు నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి, మెత్తటి గుడ్డతో ఒక్కో చోటే అద్ది, మంచినీళ్లు పోసి, ఆరకముందే పొడిగుడ్డతో తుడుచుకుంటూ వచ్చింది. ఆయన మెట్ల మీద కూర్చుని పర్యవేక్షించాడు.

"ఏం వాసనే బాబూ! కారును ఊరబెడుతున్నావా?"

"ఊరబెట్టాల్సింది మిమ్మల్ని. అప్పుడైనా మెత్తబడతారేమో."

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని, డాక్టరు నాలుక చూసినట్టు ఒక్కో డోరూ చూశాడు. ఏమీ దొరకలేదు.

"ఎవరు కడిగారు?"

ఆయన చటుక్కున లేచాడు. "అదేం బ్రహ్మవిద్య బావా! నీడలో పెట్టాలి. ఎక్కడికక్కడ కడిగి, ఆరకముందే తుడిచెయ్యాలి. ఎండలో కడిగే మూర్ఖులూ ఉంటారనుకో, వాళ్లనేం చేస్తాం."

అసలు సంగతి ఆమె నోటిదాకా వచ్చింది. కానీ మధ్యాహ్నం జరిగింది చెబితే అన్నయ్య కారుతో సహా మాయమవుతాడు. పళ్లు బిగబట్టి నవ్వింది.

"శభాష్ బావా! సోమవారం దాకా ఉంచుకోండి" అంటూ అన్నయ్య తాళం ఆయన చేతిలో పెట్టాడు. "ఆదివారం ఓసారి మా ఇంటికి రా. మీ చెల్లెలి కారు కూడా నల్లదే. కాస్త కడిగిపెడుదువు."

ఆయన నోరు తెరిచాడు.

"వస్తారన్నయ్యా, పొద్దున్నే పంపిస్తా" అని, ఆ నోరు మూతపడేలోగా ఆమె మొగుడి చేతిలోంచి తాళం తీసుకుంది.