చమ్కీ దగ్గర ఎవరుంటారు

మా గదికి గడియ ఉంది గాని పెట్టుకునే వీలు లేదు. బట్టలారేసే బాల్కనీకి దారి ఆ గదిలోంచే. తడిబట్టల బకెట్టుతో అత్తమ్మ, తువ్వాలు కోసం మామయ్య, ఫోన్ సిగ్నల్ కోసం మా ఆయన, పొద్దస్తమానం ఎవరో ఒకరు నా మంచం పక్కనుంచే నడుస్తుంటారు. నడిచి ఊరుకుంటారా, "ఏం చేస్తున్నవ్?" అని అడుగుతారు. ఏమీ చేయకుండా కూర్చున్న మనిషి దానికేం జవాబు చెబుతుంది? నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఈ ఇల్లు కట్టిందెవరో గాని, ఇంటికి కోడళ్ళు వస్తారన్న ఆలోచనే ఆయనకు వచ్చినట్టు లేదు.

అందుకే నాకు చమ్కీ అంటే ప్రాణం. చమ్కీ మా కుక్క. ఆబిడ్స్‌లో మాకు లేసులు, జరీ అంచులు, చమ్కీలు అమ్మే దుకాణం ఉంది, దాని పేరు అక్కడినుంచే వచ్చింది. పెళ్ళిళ్ళు లేని మూఢంలో బేరాలుండవు కాబట్టి మామయ్య ఏటా అప్పుడే అందర్నీ ఎక్కడికో తిప్పుకొస్తారు. మొదటిసారి చమ్కీని హిమాయత్‌నగర్‌లో ఓ కుక్కల హాస్టల్లో వదిలితే తిండి ముట్టలేదు. మేమొచ్చేసరికి లేచి నిలబడలేకపోయింది. అప్పటినుంచి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఆ ఎవరో నేనే. "పాపం ఉజ్వల" అంటారు చుట్టాలు. నేను తల వంచుకుంటాను, నవ్వు కనబడకుండా.

ఆ వారం పది రోజులే నాకు ఏడాదంతా. మధ్యాహ్నం మామయ్య కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటాను. గిన్నెలోనే పెరుగన్నం కలుపుకుని తింటాను. ఎవరూ ఏమీ అడగరు. చమ్కీ అసలే అడగదు.

ఈ ఏడు మా ఆయన విజయేందర్ దుకాణం నుంచి మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"ఈసారి దుబాయ్ పోతున్నం. చమ్కీ గూడ విమానమెక్కుతది" అన్నాడు. "ఏండ్లసంది నువ్వొక్కదానివే ఇంట్ల పడి ఉంటున్నవని నా మనసుల కొడుతనే ఉన్నది."

నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమనను? కోపంతో తలుపు మూసేవాడితో పోట్లాడొచ్చు, ప్రేమతో మూసేవాడితో ఎట్లా పోట్లాడతాం? మిఠాయి నోట్లో పెట్టుకున్నాను.

కుక్కను పంపడమంటే మాటలు కాదు. ఒంట్లో గుర్తింపు చిప్ అట, పిచ్చికుక్క సూదట, రక్తపరీక్షట, కాగితాలట. ఆబిడ్స్‌లో శ్రీహరి అనే ట్రావెల్ ఏజెంటు ఇవన్నీ చూస్తానన్నాడు. ముందుగా ప్లాస్టిక్ బోను వచ్చింది. హాల్లో చోటు లేదని దాన్నీ నా గదిలోనే పెట్టారు. ఇక బాల్కనీకి పోవాలంటే ఎవరైనా నా మంచమెక్కి దిగాల్సిందే. చమ్కీని దానికి అలవాటు చేసే పని కూడా నాదే. నేను పక్కన కూర్చుంటేనే అది లోపలికి పోయేది. రోజూ బిస్కెట్టు చూపించి దాన్ని బోనులోకి పంపుతుంటే నా చేత్తో నేనే తాళం వేసుకుంటున్నట్టుండేది.

చిప్ పెట్టించే రోజు మంగళవారం పడింది. అది బియ్యపు గింజంత ఉంటుందట, మెడ దగ్గర చర్మం కింద పెడతారట. మా ఆయన స్కూటర్ తీస్తుంటే అత్తమ్మ గుమ్మంలో నిలబడింది.

"మంగళారం పూట గోరు గూడ తియ్యం. ఒంట్లె ఇనుము పెట్టిస్తరా? రేపు పో" అంది.

మా అత్తమ్మ కమలకుమారి మంగళవారమని అడ్డుపడితే ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. మర్నాడు పోతే డాక్టరు దగ్గర చిప్‌లు అయిపోయాయి. అంత దూరం పోయి ఉత్త చేతులతో వస్తే అది మా ఆయన దుకాణదారు బుద్ధే కాదు. ఎట్లాగూ వచ్చానని చమ్కీకి పిచ్చికుక్క సూది వేయించుకొచ్చాడు. చిప్ మరుసటి వారం పడింది.

ఆ కాగితాలు చూసి శ్రీహరి ఫోన్ చేశాడు. ముందు చిప్, ఆ తర్వాతే సూది ఉండాలట. తారుమారైతే ఆ సూది లెక్కలోకి రాదట. మళ్ళీ సూది, మళ్ళీ రక్తపరీక్ష, మళ్ళీ ఎదురుచూడడం. ఈ మూఢం ముగిసేలోగా అయ్యే పని కాదన్నాడు. మామయ్య ఏజెంటును తిట్టారు, మా ఆయన డాక్టరును తిట్టాడు. నేను వంటింట్లోకి పోయి పంపు తిప్పి, ఆ చప్పుడులో గట్టిగా ఊపిరి వదిలాను. నా రోజులు నాకొచ్చాయి. బతికిపోయాననుకున్నాను.

వెనకనుంచి అత్తమ్మ వచ్చింది. పంపు కట్టేసింది.

"ఆ శ్రీహరి ముందుగాలనే ఫోన్ జేసి చెప్పిండు, చిప్పు ముందు, సూది తర్వాత అని" అంది మెల్లగా. "నేనే ఎత్తిన. ఎవ్వరికి చెప్పలే."

నాకు అర్థం కాలేదు. "ఎందుకత్తమ్మా?"

"చమ్కీ గూడ పోతే, ఇంట్ల ఒక్కదాన్నే ఉండనీకి నాకేం సాకుంటది? ఈసారి నేనుంట, వాండ్లకు చెప్పే వచ్చిన. నువ్వు పో."

"మీరొక్కరే ఎట్లుంటరు? నాకు అలవాటే గద, నేనుంట."

"అలవాటే. మేం తిరిగొచ్చేసరికి నీ మొఖం ఎంత నిమ్మళంగ ఉంటదో నేను చూస్తలేననుకున్నవా? పెండ్లికి ముందు అమ్మగారింట్ల ఏడుగురం. పెండ్లయినంక గీడ. ఒక్క పూట గూడ నేనొక్కదాన్నే ఉన్నది లేదు బిడ్డా."

ఆమెను తిట్టాలనిపించింది. నిజంగా, గట్టిగా. దొంగ ఎదురుపడి నా సొమ్ము నాకే చూపిస్తున్నట్టుంది. కానీ ఆ సొమ్ము విలువ ఆ ఇంట్లో తెలిసిన రెండో మనిషి ఆమే.

హాల్లోంచి మా ఆయన గొంతు సంతోషంగా వినిపించింది. "ఉజ్వలా, అమ్మ ఉంటదట. నీకు టికెట్ చేస్తున్న. పాస్‌పోర్ట్ తీ."

"తెస్తున్నా" అన్నాను.

కదలబోతే అత్తమ్మ నా కొంగు పట్టుకుంది. ఇటూ అటూ చూసి, కొత్త ఊరికి దారి అడుగుతున్నట్టు అడిగింది.

"అందరం పోయినంక, మొదలు నువ్వేం జేస్తవు?"

చెప్పొద్దనుకున్నాను. అదొక్కటైనా నా దగ్గర ఉంచుకుందామనుకున్నాను.

"ఏం చెయ్యనత్తమ్మా" అన్నాను. "తలుపు గడియ పెట్టుకుని కూసుంట."

"ఊకెనేనా?"

"ఊకెనే."

ఆమె తల ఊపింది. నేను పాస్‌పోర్ట్ తీయడానికి గదిలోకి పోయాను. బాల్కనీకి పోతూ మామయ్య నా మంచమెక్కి దిగుతున్నారు.

"ఏం చేస్తున్నవ్?" అన్నారు.