రెండో ఉత్తరం ఎవరు రాయాలి?

పెళ్ళయి మూడు నెలలు దాటినా ప్రెషర్ కుక్కరు కూసినప్పుడల్లా తేజశ్రీకి నవ్వు ఆగదు. తన కుక్కరు, తన స్టవ్వు, తన వంటింటి కిటికీ. గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద రెండు గదుల వాటా. అందులో అన్నీ కొత్తవే, మొగుడితో సహా. శివరామకృష్ణ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఇద్దరికి ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యాలో మాత్రం రోజూ ఆమెనే అడుగుతాడు.

అంత సంతోషంలోనూ వారం రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు. కారణం బీరువా మీద ఖాకీ కవరులో ఉంది.

అది ఎల్.ఎల్.ఎం. దరఖాస్తు. పక్క రాష్ట్రంలోని పెద్ద లా విశ్వవిద్యాలయానిది. దేశం మొత్తానికి ముప్పై సీట్లు. పెళ్ళిచూపుల్లోనే ఆమె "నేను ఇంకా చదువుకుంటానండీ" అంటే, అతను "అయితే నేను సెలవులకొచ్చి చూసి పోతానండీ" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె ఈ సంబంధానికి సరేనంది.

దరఖాస్తుతో పాటు రెండు సిఫారసు ఉత్తరాలు పంపాలి. మొదటిది చదువు చెప్పినవాళ్ళు రాయాలి. అది ఇట్టే అయిపోయింది. లా కాలేజీ ప్రిన్సిపాల్ "నువ్వే టైపు కొట్టించుకు రామ్మా, సంతకం పెడతా" అన్నాడు, పెట్టాడు. ఇక్కడ ఎవరికైనా జరిగేది అంతే. రెండోది మాత్రం అభ్యర్థి పనిని దగ్గరుండి చూసిన న్యాయవాదో, న్యాయమూర్తో రాయాలి. ఆ ఫారం అడుగున ఒక పెద్ద గడి. 'అభ్యర్థి నిజాయితీని గురించి మీరు స్వయంగా ఎరిగిన ఒక సంఘటనను వివరించండి.'

తేజశ్రీ పనిని దగ్గరుండి చూసిన మనిషి ఒక్కరే. అడ్వకేట్ బాలసరస్వతి గారు. రెండేళ్ళు ఆవిడ దగ్గర జూనియర్‌గా చేసింది. ఆ గడిలో రాయడానికి ఆవిడకు ఒక సంఘటన కూడా తెలుసు. చిక్కంతా అక్కడే.

రెండేళ్ళ క్రితం పర్చూరు వైపు పదమూడు మంది రైతులు మిరప విత్తనాలు కొని మోసపోయారు. చెట్లు నడుమెత్తు పెరిగాయి, కాయ పట్టలేదు. వాళ్ళ తరఫున బాలసరస్వతి గారు వినియోగదారుల ఫోరంలో కేసు వేశారు. పన్నెండు మంది దగ్గర దుకాణం బిల్లులున్నాయి. బసవమ్మ దగ్గర లేదు. మొగుడు పోయిన మనిషి, రెండెకరాలు కౌలుకు చేసుకుంటోంది. "ఆయన బిల్లియ్యలా, నేనడగలా" అంది. విత్తనాలు కొన్న మాట నిజం. తేజశ్రీ ఆమె చేలో నిలబడి ఆ గొడ్డు చెట్లను కళ్ళారా చూసింది. మరో రైతు దగ్గర రెండు బిల్లులుంటే ఒకటి తీసుకుని, బ్లేడుతో పేరు గీకి, బసవమ్మ పేరు రాసి ఫైల్లో పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. మంచి పనే చేశాననుకుంది.

ఫోరంలో అవతలి లాయరు ఆ కాగితాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. బాలసరస్వతి గారు ఒక్కసారి తేజశ్రీ మొహంలోకి చూశారు. లేచి నిలబడి, "పొరపాటు నా ఆఫీసుది. ఆ కాగితం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నారు. ముప్పై ఏళ్ళ ప్రాక్టీసున్న మనిషికి అందరి ముందూ చీవాట్లు పడ్డాయి. మిగతా బిల్లులన్నీ మళ్ళీ పరిశీలించాలన్నారు, పన్నెండు మందికీ తీర్పు ఏడాది ఆలస్యమైంది. బసవమ్మ ఫిర్యాదు కొట్టేశారు. ఆ సాయంత్రమే తేజశ్రీ ఆఫీసు తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. పెళ్ళికి శుభలేఖ కూడా వెయ్యలేదు. ఈ సంగతి పుట్టింట్లో తెలియదు, అత్తింట్లో తెలియదు, మొగుడికీ తెలియదు.

మామగారు చెంచయ్య మిర్చి యార్డుకు సరుకు తోలిన రోజు కొడుకింట్లోనే పడుకుంటాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం వచ్చి తలగుడ్డ విప్పి మెట్ల మీద దులిపేసరికి కింది వాటాలో వాళ్ళంతా ఒకేసారి తుమ్మారు.

"ఏందమ్మాయ్, ఆ కాయితాలు ఇంకా పంపలా?"

"రెండో ఉత్తరం కావాలి మామయ్యగారూ. ఎవరిని అడగాలో తేలడం లేదు."

"ఓసి, అదా నీ దిగులు! మన జయదేవ్ గారు లేడూ, రిటైరైన జడ్జి? ఏటా వాళ్ళింటికి పచ్చడికాయలు మన చేలోయే పోతాయి. ఉత్తరం గాదు, పుస్తకం రాయమన్నా రాస్తాడు."

"ఆయన నన్నెప్పుడూ చూడలేదు కదండీ."

"పెళ్ళిలో చూళ్ళా? అచ్చింతలేసి, పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు."

లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న శివరామకృష్ణ పకపకా నవ్వాడు. "నాన్నా, ఆయన చూడాల్సింది పెళ్ళికూతుర్ని కాదు, లాయర్ని. అయినా తేజా, బాలసరస్వతి గారున్నారుగా?"

"ఆవిడకి తీరుబడి ఉండదండీ" అంది తేజశ్రీ, బియ్యం గిన్నెలోకి చూస్తూ.

"నువ్వూరుకోరా" అన్నాడు చెంచయ్య కొడుకుతో. "జడ్జి సంతకం ముందు ఇంకెవురి సంతకం నిలబడుద్ది? అమ్మాయ్, ఏం రాయాలో నువ్వు రాసియ్యి. తెల్లారేసరికి పట్టుకుపోయి సంతకం పెట్టించుకొస్తా."

భోజనాలయ్యాక ఆమె ఫారం జిరాక్సు కాపీ ఒకటి ముందు పెట్టుకుని రాయడానికి కూర్చుంది. ఎంతకాలంగా తెలుసు, ఎలా తెలుసు అన్న చోట నాలుగు ఇంగ్లీషు వాక్యాలు పడ్డాయి. గడి దగ్గర కలం ఆగింది. జడ్జి గారికి ఆమె గురించి ఏ సంఘటనా తెలియదు. ఏదో ఒకటి పుట్టించాలి. కాసేపటికి కలం దానంతటదే కదిలింది. 'ఒక పేదరాలి కేసులో వేరొకరి బిల్లు వాడుకుందామన్న ఆలోచన వచ్చినప్పుడు, కేసు పోయినా సరే గాని దొంగ కాగితం పెట్టనని ఈ అమ్మాయి తేల్చి చెప్పింది.'

రాస్తుంటే ఎంత హాయిగా ఉందో. ఆ రోజు ఏం చేసి ఉండాల్సిందో అదంతా చక్కటి వాక్యాల్లో వచ్చేసింది.

శివరామకృష్ణ ఆమె భుజం మీదుగా చదివాడు. "తేజా! ఇంత పెద్ద సంగతి నాకు చెప్పనేలేదేం?" అని కాగితం లాక్కుని వసారాలోకి పరిగెత్తి, తండ్రికి తెలుగులో గట్టిగా చదివి వినిపించాడు. చెంచయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు.

"మళ్ళీ చదవరా ఆ ముక్క" అన్నాడు. రెండోసారి విని, తలగుడ్డతో మొహం తుడుచుకుని, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి మెట్ల కింద ఆయన గొంతు వినిపించింది. "మా కోడలు సంగతి విన్నారా మీరు?"

సాయంత్రం మొగుడూ పెళ్ళాలు స్కూటరు మీద బజ్జీల బండి దగ్గరికి వెళ్ళారు. అక్కడ నిలబడి, వేడికి చేతులు మార్చుకుంటూ, ఒకే కాగితంలోంచి తినడం ఆమెకు పెళ్ళయ్యాక దొరికిన సరదా. అతను బజ్జీకి కాడ తుంచి అందించాడు.

"తినండి లాయరు గారూ. దొంగ బజ్జీ కాదు."

ఆమె తీసుకోలేదు. "అది అబద్ధమండీ."

"ఏది?"

"నేను రాసింది. నేను వద్దనలేదు. ఆ బిల్లు దిద్దింది నేనే." అక్కడే, బండివాడు నూనెలో గరిటె తిప్పుతుండగా, మొత్తం చెప్పేసింది.

అతను ఆ బజ్జీని బండి అంచు మీద పెట్టేశాడు. "పేరొక్కటే దిద్దావా, తేదీ కూడానా?" అన్నాడు.

"పేరొక్కటే."

"ఊఁ. నాకు ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"చెప్తే నన్ను చేసుకునేవారు కాదు."

"చేసుకునేవాణ్ణే. కానీ మధ్యాహ్నం అంత గట్టిగా చదివేవాణ్ణి కాదు." కాగితం ఉండచేసి పారేశాడు. "నాన్నకి చెప్పాల్సిందేనా?"

వచ్చేటప్పుడు స్కూటరు మీద ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాటల్లేకుండా ఆ దారిలో రావడం అదే మొదలు. ఇల్లు చేరేసరికి చెంచయ్య గుర్రుపెడుతున్నాడు. పొద్దున ఆమె లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. జడ్జి గారు వాకింగు నుంచి వచ్చే వేళకే పట్టుకోవాలని చీకటితోనే బయలుదేరాడట.

తొమ్మిదింటికి శివరామకృష్ణ ఆమెను బాలసరస్వతి గారి ఇంటి ముందు దింపాడు. "నేనూ రానా?" అన్నాడు. ఆమె వద్దంది.

బాలసరస్వతి గారు వాచిన కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని పేపరు చదువుతున్నారు. జుట్టు బాగా నెరిసింది.

"ఎవరూ, తేజశ్రీనా? కూర్చో. పెళ్ళయిందట. శుభలేఖ పోస్టులో పోయిందేమో అనుకున్నాను."

"నేను వెయ్యలేదండీ."

"తెలుసులే. ఏం పని మీద వచ్చావు?"

ఆమె ఫారం చేతికిచ్చింది. ఆవిడ మొదట్నించీ చివరి దాకా చదివి, గడి దగ్గర వేలు పెట్టారు. "నీ గురించి ఇక్కడ రాయాలంటే నాకు తెలిసింది ఒకటే."

"అదే రాయండి మేడమ్."

"రాస్తే సీటు రాదేమోనే పిల్లా. సంతకాలు పెట్టేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది. వాళ్ళనెవర్నైనా అడగలేకపోయావా?"

"అడిగానండీ. నిన్న ఒక పెద్దాయన పేరు మీద నేనే రాశాను. ఆ బిల్లు నేను వద్దన్నానని రాశాను. మళ్ళీ అదే పని చేశాను మేడమ్. ఈసారి ఇంకా నీటుగా చేశాను."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు.

"బిల్లు దిద్దినందుకు కోపమొచ్చింది, కాదనను. అంతకన్నా తాళంచెవి పెట్టి పారిపోయావు చూడు, దానికి. మర్నాడు బసవమ్మ ఆఫీసు గుమ్మంలో కూర్చుని 'ఆ పాపేదమ్మా?' అంది. ఏం చెప్పమంటావు?"

"ఏం చెప్పారు?"

"ఒంట్లో బాగోలేదన్నాను. నాచేత కూడా అబద్ధమాడించావు."

ఆవిడ కలం తీసి, బల్ల దగ్గరికి జరిగి, అరగంట రాశారు. రెండేళ్ళ పని గురించి సగం పేజీ పైన పట్టింది. గడి కూడా నిండింది. కవరు అంటించి, అంటించిన చోట అడ్డంగా సంతకం చేసి ఇచ్చారు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. "కాఫీ తాగి వెళ్ళు" అన్నారంతే.

ఆమె కవరును దరఖాస్తుతో కలిపి, తిన్నగా పోస్టాఫీసుకెళ్ళి రిజిస్టరు చేసింది. సీటు వస్తుందన్న నమ్మకం చేతిలోంచి జారిపోయినట్టే అనిపించింది. పక్కన నిలబడ్డ శివరామకృష్ణ రసీదు జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి చెంచయ్య మెట్ల మీదే ఎదురొచ్చాడు, కాగితం చేత్తో ఊపుతూ.

"పెట్టాడమ్మాయ్ సంతకం! చదివి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇట్టాంటి పిల్లలు కావాలి చెంచయ్యా మన దేశానికి, అన్నాడు. నాకు నోట మాట రాలా."

తేజశ్రీ కింది మెట్టు మీదే ఆగిపోయింది. "మామయ్యగారూ, అది నేను కల్పించి రాశాను. అసలు జరిగింది వేరే" అని మొదలుపెట్టి, ఆగకుండా చెప్పింది. శివరామకృష్ణ ఆమె పక్కనే నిలబడ్డాడు.

చెంచయ్య మెట్టు మీద కూలబడ్డాడు. జడ్జి గారి కాగితాన్ని మోకాలి మీద పరిచి, అటూ ఇటూ నిమిరి, నాలుగు మడతలు పెట్టాడు.

"ఏ ఊరు ఆ బసవమ్మది?"

"పర్చూరు పక్కనేనండీ."

"మనూరికి కోసెడు దూరం లేదే. ఎన్నెకరాలు?"

"రెండు. కౌలు."

"ఆ ఏడు కాయ రాలా. మరి పైయేడు ఏం ఏసింది?"

"తెలియదండీ."

"చేను నిలుపుకుందా, ఒదిలేసిందా?"

"తెలియదండీ."

"కూలికేమన్నా పోతందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. చెంచయ్య కొడుకు వంక చూశాడు, మళ్ళీ ఆమె వంక చూశాడు. నిన్నట్నుంచీ ఆ మొహంలో ఉన్న వెలుగు లేదిప్పుడు. అలాగని కోపమూ లేదు. చీడ పట్టిన చేలో నిలబడ్డప్పుడు రైతు చూసే చూపది.

"పొద్దున ఆరింటికి పర్చూరు బస్సు. నాతో రా."

"వచ్చి ఏం చెప్పాలి మామయ్యగారూ ఆవిడకి?"

"నన్నడుగుతావేంది?" అన్నాడు చెంచయ్య, మెల్లగా పైకి లేస్తూ. "చదువుకున్నదానివి నువ్వు."